నీళ్ళిల్లు

కాంక్రీటు నీళ్ళు తాగుతోంది. పిల్లలు చూస్తున్నారు.

కాడుగోడి దాటి, రైలు పట్టాలకు అవతల, అపార్ట్‌మెంట్లు లేస్తున్న ఎర్రనేల మీద రెండువేల మూడు వేసవిలో ఏ మధ్యాహ్నం నిలబడి చూసినా కనబడింది ఇదే. కొత్తగా పోసిన స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి, పైపుతో తడుపుతూ ఉంటారు. ఎండకు ఆరిపోతే కాంక్రీటు బీటలిస్తుంది. "బాలింతను చూసుకున్నట్టు చూసుకోవాలప్పా దీన్ని," అంటాడు మేస్త్రి మునినారాయణప్ప. ఆ పనికి ఇంజనీర్లు పెట్టిన పేరు క్యూరింగు. పెద్దవాళ్ళు తట్టలు మోయాలి గనుక పైపు పట్టేది పిల్లలు. కాస్త ఎదిగిన ప్రతి బిడ్డ చేతిలోనూ ఒక పైపు. ఆ పైపుకు నోరు పెడితే మేస్త్రి కొడతాడు. అందులో నీళ్ళు తాగడానికి మాత్రం లేదు.

పై అంతస్తుల శ్లాబుల మీద ఇసుకా సిమెంటూ కలిపి సన్నని గట్లు వేసి, మళ్ళు కట్టి, నీళ్ళు నిలబెడతారు. అచ్చం వరిమడి. ఆ గట్లు వేసేది కదిరి, మడకశిర వైపు నుంచి వచ్చిన రైతులు. మూడేళ్ళుగా సొంత చేలో తడిసిన మట్టి చూడనివాళ్ళు. మొదట్లో నవ్వుకునేవాళ్ళు కూడా.

"ఏం నాటుదాం మామా, ఈ మడిలో?"

"ఇంజనీర్లను నాటుదాం. బెంగుళూరు నేలకు బాగా కాస్తారు."

తర్వాత తర్వాత ఆ నవ్వు కూడా ఎండిపోయింది.

అనసూయకు పదహారేళ్ళు. వేరుశనగ మూడోసారి కూడా ఊడలు దిగకుండానే మాడిపోయినప్పుడు, తొమ్మిదో తరగతి మధ్యలో పుస్తకాల సంచి కొయ్యకు తగిలించి, అమ్మానాన్నలతో లారీ ఎక్కింది. ఇక్కడ ఆమె పని, తల్లులు పనిలో ఉన్నంతసేపూ షెడ్లలో చిన్నపిల్లల్ని చూసుకోవడం. షెడ్లంటే రేకులే. గోడా రేకే, కప్పూ రేకే. పొద్దెక్కితే లోపల పెనం. పిల్లలు బయట షెడ్డు నీడలో కూర్చుంటారు, నీడ ఎటు జరిగితే అటు జరుగుతారు. మిట్టమధ్యాహ్నం ఆ నీడ షెడ్డు కిందికి దూరిపోతుంది. అప్పుడిక జరగడానికి చోటుండదు.

ఆ పిల్లల్లో చౌడి ఒకతె. అసలు పేరు చౌడమ్మ, ఆరేళ్ళది, అక్కయమ్మ కూతురు. తండ్రి ఊళ్ళో మిగిలిన ఎద్దుల జతకు గడ్డి వెతుక్కుంటూ అక్కడే ఉండిపోయాడు. చౌడికి ఊహ తెలిసినప్పటి నుంచీ వాళ్ళ ఊరి వంక పారలేదు. వంక అంటే ఇసుకే అనుకునేది. వంకలో ఈత కొట్టేవాళ్ళం మేము అని అనసూయ ఒకసారి చెబితే కళ్ళు పెద్దవి చేసి అడిగింది.

"ఇసుకలో ఎట్ల ఈదుతారక్కా?"

ఆ రోజు చౌడి పోయి, స్తంభానికి చుట్టిన తడి గోనెకు నోరు పెట్టి చప్పరిస్తోంది. మునినారాయణప్ప చూసి జుట్టు పట్టి వెనక్కి లాగాడు.

"సిమెంటు నీళ్ళు గదే, తాగితే పేగులు గడ్డ కడతాయి! ఏమే అనసూయా, ఏం చూస్తా ఉండావు నువ్వు?"

"దప్పికంట మేస్త్రీ. పొద్దున పట్టింది అయిపాయ."

"ట్యాంకరు వస్తాది."

"నిన్న గూడా వస్తాదంటిరి."

"నా నోట్లోనించి వస్తాదా ఏమి? వచ్చినప్పుడు వస్తాది. పోండి ఆ పక్కకు."

సైటు మధ్యలో ఒక రేకుల గది ఉంది. మోటారు గది. దాని పక్కన సంపు. పైపులన్నీ అక్కడి నుంచే బయలుదేరతాయి. షెడ్లవాళ్ళకు అందులోంచి చుక్క కూడా ఇవ్వకూడదని కాంట్రాక్టరు మాట. బోర్లు అడుగంటుతున్నాయి, ఒక బిందెకిస్తే వెనకాల ఊరు ఊరంతా బిందెలతో వస్తుంది, ఎవరు అడిగినా లేవని చెప్పు, అని గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఆర్డరు. వాచ్‌మన్ గోపాలప్పది హాసన్ వైపు. కన్నడం తప్ప రాదు. ముసలివాడు, మంచివాడు. అబద్ధం చెప్పించాలంటే మంచివాళ్ళనే వెతుక్కుంటారు, నమ్ముతారని.

చౌడి గిన్నె పట్టుకుని అతని దగ్గరికే పోయింది. అనసూయ దూరం నుంచి చూస్తూనే ఉంది.

"తాతా, నీళ్ళు?"

గోపాలప్ప తల అడ్డంగా ఊపాడు. "నీర్ ఇల్ల మగూ. ఇల్ల, ఇల్ల." పొమ్మన్నట్టు చెయ్యి విసిరాడు. చెయ్యి విసిరిన వైపే మోటారు గది ఉంది.

చౌడి ఎగురుకుంటూ వచ్చింది. "అక్కా! నీళ్ళకి ఇల్లుందంట! తాత చూపిచ్చినాడు."

కన్నడంలో ఇల్ల అంటే లేదు అని. తెలుగు పల్లెల నుంచి ఈ ఊరికి వచ్చిన ప్రతివాళ్ళూ మొదటి వారం ఆ మాట దగ్గర బోల్తా పడతారు. అనసూయా పడింది. అంగట్లో ఉప్పు అడిగితే అంగడివాడు "ఇల్ల" అన్నాడు. ఇంట్లోంచి తెస్తాడేమోనని నిలబడి నిలబడి నవ్వులపాలైంది. ఆ సంగతి చౌడికి చెప్పబోయింది. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ట్యాంకరు హారన్ మోగింది. బిందెలు, డబ్బాలు, పెయింటు బకెట్లు ఎత్తుకుని షెడ్లన్నీ లేచాయి. అనసూయ చంకలో ఒక పసిబిడ్డ, చేతుల్లో బిందెలు.

"ఇల్లూ లేదు, గిల్లూ లేదు. ఆడనే కూచో, వస్తా," అని పరిగెత్తింది.

అక్కడ తోపులాట. ఒకామె చెయ్యి విరిగినంత పనైంది. అందరికీ అందకముందే ట్యాంకరు అడుగంటింది. తిరిగి వచ్చేసరికి చౌడి కూర్చున్న చోట లేదు.

ఇసుక కుప్పల వెనక వెతికారు. కమ్మీల కింద వెతికారు. సంపు మూత తీసి, వెదురుగడతో కలియబెట్టి చూశారు. బయట గడియ పెట్టి ఉన్న మోటారు గది మాత్రం ఎవరికీ తట్టలేదు. పొద్దు వాలుతుంటే మోటారు ఆపడానికి ఆపరేటరు వచ్చి గది గడియ తీశాడు. మధ్యాహ్నం మోటారు వేసి, లోపలికి చూడకుండా గడియ పెట్టి అన్నానికి పోయినవాడు.

చౌడి లోపల ఉంది. మోటారు నుంచి పైకి పోయే ఇనుప పైపుకు చెంప ఆనించుకుని కూర్చుంది. లోపల చల్లని నీళ్ళు పరుగెడుతుంటే పైపుకు బయట చెమట పడుతుంది. ఆ చెమటను వేళ్ళతో తుడుచుకుని నాకినట్టుంది, పైపు మీది దుమ్ములో నాలుగు గీతలు ఉన్నాయి. ఒళ్ళో గిన్నె ఉంది. అక్కయమ్మ ముట్టుకుంటే ఆ గిన్నె ఇంకా చుర్రుమంటోంది. ఆ పిల్ల తలుపు ఎంత కొట్టినా మోటారు మోతలో ఎవరికి వినబడుతుంది?

పైన శ్లాబు మీద మళ్ళు నిండుగా ఉన్నాయి. వాటిలో ఆకాశం ఎర్రగా కనబడుతోంది.

ట్యాంకరు రావడానికి రోజులు పట్టే చోటికి శవం కోసం లారీ చిటికెలో వచ్చింది.

"ఊరికి తీసకపోయి బిడ్డకు జరగాల్సింది జరిపించండప్పా," అన్నాడు మునినారాయణప్ప. "వడదెబ్బ. ఈ ఎండలకు ఎంతమంది పోలేదు? దేవుని పని."

సైటు ఇంజనీరు దామోదర్ గుంటూరు మనిషి. కుర్రవాడు. అతని కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. "అమ్మా, ఇందులో ఎవరి తప్పూ లేదండీ. లాంగ్వేజ్ ప్రాబ్లెం. అతను లేవన్నాడు, పాప ఇల్లు అనుకుంది. చిన్న మిస్‌అండర్‌స్టాండింగ్. వెరీ సారీ అండీ."

అక్కయమ్మ బిడ్డ తల ఒళ్ళో పెట్టుకుని, వేలు నీళ్ళలో ముంచి ఆ పెదాలకు రాస్తోంది. ఆరిపోతే మళ్ళీ రాస్తోంది.

అనసూయను ఎవరూ మాట్లాడమనలేదు. పెద్దవాళ్ళలో ఆడపిల్ల నోరెత్తకూడదని వాళ్ళ నాన్న కళ్ళతోనే చెబుతున్నాడు. అయినా గొంతు దానంతటదే లేచింది.

"చౌడికి తప్పు అర్థం కాలేదు సార్."

దామోదర్ అటు తిరిగాడు.

"ఆ తాత నీళ్ళు లేవన్నాడు. అది అబద్ధం. నీళ్ళకు ఇల్లుందని చౌడి అనుకునింది. అది నిజం. అదిగో, ఆ ఇల్లే. మీ అందరి మాటల్లోకి మా పాపకు అర్థమయిందే సరైంది. సరిగ్గా అర్థమయినందుకే సచ్చిపాయ."

గేటు దగ్గర గోపాలప్ప టోపీ తీసి రెండు చేతులతో నలుపుతున్నాడు. "నాను సుళ్ళు హేళిదె," అన్నాడు. అబద్ధం చెప్పాను అని. "హేళు అందరు. హేళిదె." చెప్పమన్నారు, చెప్పాను.

ఆ కన్నడం అర్థం కానివాళ్ళు ఆ గుంపులో ఒక్కరూ లేరు.

లారీ ఖాళీగా వెనక్కి పోయింది. మరునాడు పొద్దున చౌడిని పట్టాల పక్కన శ్మశానంలో పూడ్చారు. నేల రాయిలా ఉంది, గడ్డపార దిగలేదు. మట్టి మెత్తబడేదానికి ఒక బిందె నీళ్ళు పోయాల్సి వచ్చింది. ఆ బిందె ఎవరిదో, ఆ పూట ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో ఎవరూ అడగలేదు.

పోలీసులకు చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. కాంట్రాక్టరు రెండు రోజులు ట్యాంకర్లు వరసగా పంపించాడు, తర్వాత మానేశాడు. మోటారు గదికి గడియ పీకించి తాళం వేయించాడు. మోటారు స్విచ్చి బయటికి మార్పించాడు. పని సాగింది.

ఆ తర్వాత మోటారు కొట్టుకోవడం మొదలైంది. దబ్. దబ్. కాసేపు ఆగి మళ్ళీ దబ్. బోరులో నీళ్ళు దిగిపోయి గాలి పీలుస్తోంది, పైపు అదిరి రేకుకు తగులుతోంది, అన్నాడు దామోదర్. పిల్లలు వేరే చెప్పుకున్నారు.

"చౌడి తలుపు కొడ్తాంది."

అనసూయను అంతకన్నా భయపెట్టింది ఇంకొకటి. పిల్లలు నీళ్ళు అడగడం మానేశారు. పెదాలు పగిలి నెత్తురు కారుతున్నా అడగరు. అడిగినవాళ్ళు ఆ ఇంటికి పోతారని వాళ్ళలో వాళ్ళే ఒక తీర్మానం చేసుకున్నారు. ఎండకు సోలిపోయి పడుకున్న అయిదేళ్ళవాడు ఒకడు కలవరింతలో, "వద్దు, వద్దు, నాకు దప్పి ల్యా," అన్నాడు. కొత్త ఆట ఒకటి పుట్టింది. ఒకరు మోకాళ్ళు ముడుచుకుని, చెంప గోడకు ఆనించి కూర్చుంటారు. మిగతావాళ్ళు చుట్టూ తిరుగుతూ "ఇల్లా? ఇల్ల!" అని అరుస్తారు. అందులో గెలుపు లేదు, ఓటమి లేదు. కూర్చున్నవాళ్ళు ఎంత పిలిచినా లేవకపోవడమే ఆట.

అక్కయమ్మ పనికి పోతూనే ఉంది. తట్ట ఎత్తుకుని ఆ గది పక్కగా పోయేటప్పుడు ఆగి, రేకు మీద అరచెయ్యి పెట్టేది. రేకు కాలుతున్నా తీసేది కాదు. చేతినిండా బొబ్బలు.

ఆదివారాలు కాత్యాయని వచ్చేది. నెల్లూరమ్మాయి, లా చదువుతూ కె.ఆర్.పురంలో గది తీసుకుని ఉంటుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి షెడ్ల పిల్లలకు అక్షరాలు నేర్పుతుంది. ఆ ఆదివారం పిల్లలు నోరు విప్పలేదు. పెద్దవాళ్ళే వచ్చి చుట్టూ కూర్చున్నారు.

"చదువుకున్నదానివి, చెప్పు పాపా. ఎండలు ఏమిట్కి ఇట్ల కాస్తా ఉండాయి? వానలు యాడికి పోయినాయి?" అని అడిగింది పాపక్క. షెడ్లలో అందరికన్నా పెద్దది, కోలారు వైపు మనిషి, ఈ వయసులోనూ కంకర మోస్తుంది.

కాత్యాయని తనకు తెలిసినంత చెప్పింది. బొగ్గూ పెట్రోలూ కాల్చి కాల్చి భూమికి పొగ దుప్పటి కప్పారని, వేడి బయటికి పోయే దారి లేదని, వానలు వేళ తప్పి పడుతున్నాయని, పడితే ముంచుతున్నాయని, లేకపోతే లేవని. "ఇది మనందరం కలిసి చేసుకున్నదే పాపక్కా. రేపు మన పిల్లలు..."

"ఉండు ఉండు. మనందరం అంటే యెవురెవురు? నేను కాల్చింది కందికట్టె. అది గూడా ఉడకేసేదానికి ఏమన్నా ఉండే పొద్దే."

జనం నవ్వారు. చాలా రోజులకు నవ్వారు. పాపక్క నవ్వలేదు.

"ఈ మేడల్లోకి వచ్చేవాళ్ళు గదికొక చల్లమిషను పెడతారంట. లోపల చల్లగా ఉంటే, ఆ వేడి యాడికి పోతాది? బయటికే గదా. బయట ఉండేది యెవురు పాపా?"

కాత్యాయని ముఖం కందిపోయింది. "నేను చెప్పింది తప్పు. మనందరం కాదు. కాల్చినవాళ్ళు వేరే, కాలినవాళ్ళు వేరే." మళ్ళీ తనే అంది, "రేపు అన్నాను చూడండి, అదీ తప్పే."

అనసూయ వింటూ కూర్చుంది. మృగశిర కార్తెలో విత్తనం వేసి ఆకాశం చూసిన నాన్న గుర్తొచ్చాడు. ఈ కరువుకు ముందటేడు అదను దాటి, పీకిన కాయ కళ్ళంలో ఉండగా కురిసి, మొత్తం బూజు పట్టించిన వాన గుర్తొచ్చింది. దేవరకు కోపం వచ్చిందని ఊరంతా పొట్టేళ్ళు కోసింది. ఇన్నాళ్ళూ ఆ కోపానికి మొహం లేదు. ఇప్పుడు కొంచెం కొంచెంగా ఒక మొహం కనబడుతోంది. తమ వానను ఎవరో తినేశారు. తిన్నవాళ్ళకే తాము మేడలు కడుతున్నారు. ఆ మేడలకు నీళ్ళు తాగిస్తున్నది తమ పిల్లలు.

మరునాడు పిల్లలు పైపు పట్టలేదు. అది సమ్మె కాదు, భయం. ఆ నీళ్ళు చౌడి ఇంటి నుంచి వస్తాయి, ముట్టుకోము అన్నారు. మునినారాయణప్ప తిట్టాడు, ఇద్దర్ని కొట్టాడు, బెల్లం ముక్కలు పంచాడు. పట్టలేదు. మధ్యాహ్నానికి పైన ఒక మూల మళ్ళు ఆరిపోయాయి. దామోదర్ పరిగెత్తుకుంటూ వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, శ్లాబు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు. వెంట్రుక మందాన ఒక బీట కనబడింది.

"అయ్యో, నీళ్ళు! ఎవరైనా త్వరగా నీళ్ళు పొయ్యండి! ఒక్క బకెట్ అయినా తెండయ్యా!"

మెట్ల మీద నిలబడ్డ అనసూయ ఆ కేక వింది. ఎటు నుంచి వచ్చారో గాని నలుగురు మగవాళ్ళు బకెట్లతో వచ్చారు. నీళ్ళు అడిగితే వచ్చేస్తాయన్నమాట ఈ సైటులో! అడిగేది కాంక్రీటు కోసమైతే చాలు.

ఆ సాయంత్రం షెడ్ల మధ్య సందులో అందరూ చేరారు. అనసూయ చెప్పదలుచుకున్నది చిన్నదే. "మనము నీళ్ళు పొయ్యకపోతే వాళ్ళ మేడ నిలబడదు. ఈ పొద్దు పిల్లోల్లు భయంతో మానేసినారు. మనము తెలిసి మానేద్దాము."

మునినారాయణప్ప మండిపడ్డాడు. "గురువారం పెద్ద శ్లాబు ఉండాది. అది చెడితే మిమ్మల్నీ నన్నూ మెడబట్టి గెంటుతారు. యాడికి పోతారప్పా? ఊర్లో ఏముండాది మీకు? నేను గూడా మాలూరు కాడ రాగిచేను ఎండబెట్టుకుని వచ్చినోణ్ణే. నాకు తెలీదా?"

"నిజమే గదా," అన్నాడు అనసూయ తండ్రి. "పిల్ల మాట పట్టుకుని వీధిన పడతామా?"

"వీధిన పడేదేముంది మామా," అన్నాడు కమ్మీ పని చేసే కుర్రాడొకడు. "ఇప్పుడుండేది యాడ, మైసూరు ప్యాలెస్సులోనా?"

నవ్వులు, తిట్లు, కేకలు. పని పోతే ఎట్లా అని కొందరు. ఇంకో బిడ్డ పోతే ఎట్లా అని కొందరు. వాదం ఎటూ తేలలేదు. అప్పుడు, ఆ రోజు నుంచీ ఎవరితోనూ మాట్లాడని అక్కయమ్మ నోరు తెరిచింది.

"నా బిడ్డ గిన్నె పట్టుకోని పోయి అడిగింది. అడిగితే ఇస్తారు అనుకునింది. ఆరేండ్ల బిడ్డ, దానికేమి తెలుసు? మనకు తెలుసు గదా. ఇంగ అడగొద్దండి." రెండు చేతులూ చాపింది. "పైపు కింద పెట్టండి."

మునినారాయణప్ప ఆమె అరచేతుల్లోని బొబ్బలు చూసి, తల తిప్పుకుని వెళ్ళిపోయాడు.

గురువారమంతా శ్లాబు పోశారు. ఎక్కడా పని చెడగొట్టలేదు. శుక్రవారం పొద్దెక్కేసరికి దానికి నీళ్ళు కావాలి. ఒక్క చెయ్యీ పైపు ముట్టలేదు. ఆడవాళ్ళు పోయి స్తంభాలకు చుట్టిన గోనెపట్టాలన్నీ విప్పారు. సిమెంటు పోయేలా జాడించి, తమ వంతు ట్యాంకరు నీళ్ళలో తడిపి, ఒక్కో పట్టా ఒక్కో బిడ్డకు చుట్టారు. గోనెల్లో నుంచి ముఖాలు మాత్రం బయటపెట్టి, ఆ పిల్లలు మోటారు గది ముందు వరసల్లో కూర్చున్నారు. వెనక తల్లులు, వాళ్ళ వెనక మగవాళ్ళు. కబురందుకుని వచ్చిన కాత్యాయని పిల్లల పక్కనే కూర్చుంది. షెడ్ల నడుమ కుళాయి పెట్టేవరకూ, ఇక పిల్లల చేతుల్లో పైపు పెట్టబోమని మాట ఇచ్చేవరకూ, చౌడి ఎట్లా చచ్చిపోయిందో పోలీసుల ముందు చెప్పేవరకూ లేవబోమన్నారు.

కాంట్రాక్టరు కారులో వచ్చాడు. దిగలేదు. అద్దం నాలుగు వేళ్ళంత దించాడు. లోపలి చల్లగాలి ఒక్కసారి బయటికి వచ్చి, ముందు వరసలో కూర్చున్న పిల్లల ముఖాలకు తగిలి పోయింది.

"ముందు శ్లాబుకు నీళ్ళు పెట్టండి. తర్వాత మాట్లాడదాం."

"ముందు మాట, తర్వాత నీళ్ళు," అంది పాపక్క. "బిడ్డ కాడ మీరు అట్లనే చేసిరి గదా సామీ. మాటే ఇస్తిరి, నీళ్ళు ఇయ్యలేదు."

అద్దం పైకి పోయింది. ఎండ నడినెత్తికి రాకముందే జీపు వచ్చింది.

ఎస్సై దిగి గుంపును చూశాడు. "యారు నిమ్మ లీడరు?" మళ్ళీ తెలుగులో అడిగాడు. "మీ లీడర్ ఎవరు? ఎవరు చెప్పినారు ఇట్ల కూర్చోమని?" ఎవరూ పలకలేదు. ముందు వరసలో అందరికన్నా చిన్నవాడి ముందు వంగాడు. "నువ్వు చెప్పు చిన్నా. ఎవరు కూర్చోమన్నారు?"

"చౌడి," అన్నాడు వాడు.

"ఎవరు?"

"చౌడి," అన్నారు పక్కనున్న పిల్లలు. "చౌడి. చౌడి."

"ఎక్కడుంది ఆ చౌడి? రమ్మను నా ముందుకి!"

గోనెల్లోంచి చిన్న చిన్న చేతులు లేచాయి. అన్నీ మోటారు గదినే చూపించాయి. కాంట్రాక్టరు మనిషి ఎవరో శ్లాబుకు తామే నీళ్ళు పెట్టుకుందామని అప్పుడే స్విచ్చి వేశాడు. గదిలోంచి వినబడింది. దబ్. దబ్.

ఎస్సై చెయ్యి నడుము దగ్గరికి పోయింది. "లోపల దాచిపెట్టినారా? తాళం పగలగొట్టు!"

కారు అద్దం పూర్తిగా దిగింది. "సార్, వద్దు, తెరవద్దు సార్," అని కాంట్రాక్టరు అరిచేలోపే కానిస్టేబులు రాయి తీసుకుని తాళం మీద వేశాడు.

తలుపు తెరుచుకుంది. ఎస్సై వంగి లోపలికి పోయాడు. లోపలి సెగకు ముఖం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"లోపల ఎవరూ లేరు."

"ఉండె సార్," అంది అక్కయమ్మ. "నా బిడ్డ. ఆరేండ్లది. ఆడనే, ఆ పైపు కాడ. మీకు ఎవురూ చెప్పలేదా?"

ఎస్సై కారు వైపు చూశాడు. కారు అద్దం మళ్ళీ పైకి పోయింది. ఒక్క క్షణం అతను తండ్రిలా నిలబడ్డాడు. తర్వాత టోపీ సర్దుకున్నాడు, మళ్ళీ ఎస్సై అయ్యాడు. "అందర్నీ లేపండి. లేవకపోతే జీపెక్కించండి."

కానీ తలుపు తెరిచి ఉంది. లాఠీలు లేచేలోపే అనసూయ లోపల ఉంది. రోజుల తరబడి అదిరి వదులైన పైపు జాయింటు విప్పింది. నీళ్ళు తలుపులోంచి ఎగిసి బయటపడ్డాయి. ఆడవాళ్ళు బిందెలు, గమేళాలు, అరచేతులు పట్టారు. అక్కయమ్మ దోసిట్లో నీళ్ళు తీసుకుని ఆ చిన్నవాడి ముందు కూర్చుంది. వాడు నోరు బిగించాడు. పిల్లలందరూ నోళ్ళు బిగించారు.

"తాగు నాయనా. చౌడి ఇంటి నీళ్ళు. అది నీకేమీ చెయ్యదు."

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. పెదాలు విప్పాడు. ఒక గుక్క, ఇంకో గుక్క. దోసిలి ఖాళీ అయింది. వాడు తలెత్తి అన్నాడు.

"ఇంగా కావల్ల."

అక్కడున్న తల్లులందరికీ ఆ మాట వినబడింది. ఎన్నాళ్ళకో ఒక బిడ్డ నీళ్ళు అడిగాడు. ఆ తర్వాత లాఠీలు పడ్డాయి, బిందెలు సొట్టలు పోయాయి, పాపక్క తల పగిలింది, కాత్యాయని పిల్లల మీద అడ్డంగా పడి వీపు నిండా వాతలు పెట్టించుకుంది. ఒక్కరూ పరిగెత్తలేదు. పిల్లలు ఆ తోపులాటలోనే దోసిళ్ళు చాపి, "నాకు, నాకు," అని అరుస్తున్నారు. గొంతులు చీలిపోయేలా అరుస్తున్నారు. పైన, ఎవరూ నీళ్ళు పోయని కొత్త శ్లాబు తెల్లగా ఆరిపోతోంది.

అనసూయనూ అక్కయమ్మనూ జీపులోకి తోశారు. అనసూయ పెదవి చిట్లింది. వాళ్ళ నాన్న జీపు వెనక పరిగెత్తుతూ, "ఏం భయంలేదు మ్మా, మేము ఉండాము, మేము లేవము," అని అరుస్తున్నాడు. వీధిన పడతామా అన్న మనిషే.

జీపు పెద్ద రోడ్డెక్కింది. ఆ రోడ్డుకు రెండు వైపులా మేడలే లేస్తున్నాయి. ప్రతి సైటు ముందూ కాంక్రీటు మిక్సరు గరగరమని తిరుగుతోంది. ప్రతి సైటు వెనకా రేకుల షెడ్లు. మొదటి సైటు దగ్గర తట్ట నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి ఒకామె జీపులోకి తొంగిచూసింది. తడి బట్టలతో, నెత్తురు మరకలతో ఉన్న ఇద్దర్ని చూసింది. తట్ట కింద పెట్టింది. వెనక్కి తిరిగి ఏదో కేకేసింది.

ఆ సైటులో మిక్సరు ఆగిపోయింది.

తర్వాతి సైటు దగ్గర పరంజా పలక మీద నిలబడ్డ మేస్త్రీలు చూశారు. అక్కడా ఆగిపోయింది. ఆ తర్వాత కేక సైటు నుంచి సైటుకు పాకి, జీపు పోకముందే ఆగడం మొదలైంది. ముందున్న సైటు, దాని ముందున్న సైటు. ఒక్కొక్క మోతా అణగిపోతుంటే ఆ రోడ్డు మీద ఎన్నడూ లేని నిశ్శబ్దం దిగింది. ఎస్సై అటూ ఇటూ చూశాడు.

"ఏమయ్యా, ఏమైంది?"

"కరెంటు పోయిందేమో సార్," అన్నాడు డ్రైవరు.

వెనక సీటులోంచి అక్కయమ్మ అంది.

"అవి డీజిలు మిషన్లు నాయనా."